ముందు తానే తిని చూపించే పిల్లవాడు: ఒక ఫోస్టర్ కేర్ కేసు

జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో నా పని హోంలకు బయట పెరిగే పిల్లలతో. ఫోస్టర్ కేర్ (పిల్లలను కొంతకాలం వేరే కుటుంబంలో పెంచడం), స్పాన్సర్‌షిప్ (పిల్లల పోషణకు నెలనెలా ఇచ్చే డబ్బు సాయం), బంధువుల ఇంట్లో ఉంచడం నా కిందికి వస్తాయి. ఒక్కొక్కరికి సంరక్షణ ప్రణాళిక రాయాలి, అది నడుస్తోందో లేదో చూడాలి, నడవకపోతే మార్చాలి. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కువగా అడిగేది పారిపోయే పిల్లల గురించే. అడిగినప్పుడల్లా నేను చెప్పే కేసు ఇది. ఈసారి పూర్తిగా రాస్తున్నాను. పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టం 2015లోని 74వ సెక్షన్ చెబుతుంది కాబట్టి పేర్లు, వయసులు, బంధుత్వాల్లో కొన్ని, ఊరి ఆనవాళ్ళు మార్చాను. పిల్లవాడిని శివ అంటాను, చెల్లిని పండు అంటాను. ఉత్తర తెలంగాణలో బీడీలు చుట్టే ఊళ్ళలో ఒకటి అనుకోండి.

ఇంటి సంగతి

తండ్రి గల్ఫ్‌కు పోయాడు. మొదట్లో డబ్బు పంపేవాడు, తర్వాత ఫోన్ కలవలేదు. తోడుగా పోయిన ఊరివాళ్ళకు కూడా అతని జాడ తెలియదు. తల్లి బీడీలు చుట్టి ఇద్దరినీ సాకింది. మా దగ్గరికి వచ్చేనాటికి శివకు పదకొండేళ్ళు, పండుకు నాలుగు నిండలేదు. పండు పుట్టిన తర్వాత తల్లికి జబ్బు మొదలైంది. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందని, ఎవరో ఏదో చేశారని తాయెత్తులతో నెట్టుకొచ్చారు. అది ముదిరింది. తమ తిండిలో ఎవరో మందు కలుపుతున్నారని ఆమెకు నమ్మకం కుదిరిపోయింది. అంగన్‌వాడీలో ఇచ్చిన బాలామృతం పారబోసేది. పక్కింటివాళ్ళు ఇచ్చిన కూర కుక్కకు వేసేది. చివరికి పిల్లలిద్దరినీ లోపల ఉంచి తలుపు గొళ్ళెం పెట్టుకుంది. శివ బడికి రావడం మానేశాడు. అంగన్‌వాడీ టీచర్ పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసింది.

చట్టం ప్రకారం 24 గంటల్లోపు పిల్లలను బాలల సంక్షేమ కమిటీ (సీడబ్ల్యూసీ) ముందు ఉంచాలి, ఉంచాం. ఇలాంటి పిల్లలను ఎక్కడ ఉంచాలో ఉత్తర్వు ఇచ్చేది ఆ కమిటీయే. తల్లిని మానసిక వైద్య విభాగంలో చేర్పించారు. పండుకు ఆరేళ్ళు లేవు కాబట్టి శిశుగృహకు, శివను ఇంకో పట్టణంలోని బాలుర హోంకు పంపారు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. మన సంస్థలు వయసును బట్టి, ఆడమగ తేడాను బట్టి కట్టుకున్నవి. అన్నాచెల్లెళ్ళను కలిపి ఉంచే చోటు జిల్లాలో ఎక్కడా లేదు. ఆ సాయంత్రం పండును వాహనం ఎక్కిస్తున్నప్పుడు శివ ఏడవలేదు, గొడవ చేయలేదు. రికార్డులో 'సహకరించాడు' అని పడింది.

మొదటి ప్రణాళిక

సామాజిక దర్యాప్తు నివేదిక 15 రోజుల్లో ఇవ్వాలి, తుది ఉత్తర్వు 4 నెలల్లో రావాలి. ఆ నివేదిక రాసే ఫారం 22 నింపడానికి 15 రోజులు చాలు, ఒక కుటుంబం అర్థం కావడానికి చాలవు. అయినా ఆ గడువు ఉండటమే మంచిదంటాను. అది లేకపోతే హోంలో పిల్లల నెలలు చూస్తుండగానే ఏళ్ళవుతాయి.

బంధువుల్లో మూడు గడపలు కనిపించాయి. నాయనమ్మ వెంటనే ముందుకొచ్చింది, కానీ శివ కోసమే. "మా ఇంటి పిలగాడు, మా ఇంట్లనే ఉంటడు" అంది. పండు మాటెత్తితే "ఆడపిల్లను వాళ్ళమ్మోళ్ళు చూసుకుంటరు" అంది. ఆమెను పక్కన పెట్టడానికి అసలు కారణం వేరే ఉంది. కోడలిని మళ్ళీ పిల్లల దరిదాపులకు రానివ్వనని ఆమె అందరి ముందూ చెప్పింది. అశక్తులైన తల్లిదండ్రులు ఫోస్టర్ ఇంట్లో ఉన్న పిల్లలను చూడటానికి రావచ్చని, కోలుకున్నాక పిల్లలు వాళ్ళ దగ్గరికి తిరిగి వెళ్ళవచ్చని 44వ సెక్షన్ చెబుతుంది. ఆ దారి మూసేసే ఇంట్లో పెడితే ప్రణాళిక మొదటి రోజే సగం పోయినట్టు. పెద్దమ్మకు మనసుంది, కానీ భర్త పక్షవాతంతో మంచాన ఉన్నాడు. ఇక మిగిలింది మేనమామ. రైస్‌మిల్లులో హమాలీ, తాగుడు లేదు, పిల్లవాడంటే ఇష్టం.

అత్తతో విడిగా మాట్లాడాను. బంధువుల ఇంట్లో ఉంచేటప్పుడు సంతకం చేసేది మామ, చాకిరీ చేసేది అత్త. ఆమె నాన్చలేదు. "పొద్దుగాల చాట ఒళ్ళె పెట్టుకుంటే పొద్దుమూకేదాంక వెయ్యి బీడీలు దిగాలె మేడం. చిన్న పిల్ల ఇంట్ల ఉంటే చాటల చెయ్యి వెడ్తది, తంబాకు కండ్లల్ల వడ్తది. పెద్దోడు బడికి పోతడు, సరే. చిన్నదాన్ని నేను సూడలేను."

ఇష్టం లేక చెప్పిన సాకు కాదది, పనిదినం లెక్క. ఆ లెక్క ప్రకారం శివ ఒక్కడినీ మేనమామ ఇంట్లో ఉంచి, పండును ప్రస్తుతానికి శిశుగృహలోనే ఉంచాలని ప్రణాళిక రాశాం. తోబుట్టువులను కలిపి ఉంచడానికి అన్ని ప్రయత్నాలూ చేయాలని అదే 44వ సెక్షన్ అంటుంది. మేం 'ప్రస్తుతానికి' అనే మాటతో దాన్ని వాయిదా వేశాం. స్పాన్సర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టాం. ఐసీపీఎస్ అనే పాత కేంద్ర పథకం రోజుల్లో నెలకు 2,000 ఉన్న ఈ సాయం, దాని తర్వాత వచ్చిన మిషన్ వాత్సల్యలో 4,000 రూపాయలైంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు, వీళ్ళు ఆ లోపే ఉన్నారు.

మామ ఇంటికి వెళ్ళిన మూడో వారంలో శివ కనిపించకుండా పోయాడు. రాత్రి తొమ్మిదికి బస్టాండులో హోంగార్డు పట్టుకున్నాడు. పిల్లలు ఇల్లు వదిలి వెళ్ళారంటే మేం ముందు చూసేవి కొన్నున్నాయి: కొడుతున్నారా, పనిలో పెడుతున్నారా, ఎవరైనా తప్పుగా తాకుతున్నారా. ఎంత మంచి ఇల్లైనా ఈ మెట్టు దాటవేయకూడదు. పిల్లవాడితో విడిగా మాట్లాడాం, వైద్య పరీక్ష చేయించాం, బడి పంతులును అడిగాం. ఏమీ తేలలేదు. ఎందుకు పోయావని అడిగితే "ఊకెనే" అన్నాడు. కౌన్సెలర్ 'సర్దుబాటు సమస్య' అని రాసింది. కొద్ది రోజులకే మళ్ళీ వెళ్ళాడు. ఈసారి మామకు కోపమొచ్చింది. "ఊళ్ళె మా ఇజ్జత్ పోతున్నది. మేం అన్నం పెడ్తలేమనుకుంటున్నరు" అన్నాడు.

అన్నం గురించి అత్త చెప్పిన ఒక మాట అప్పుడు నా నోట్‌బుక్‌లో ఉంది, నివేదికలో లేదు. నివేదికలో ఏ గడిలోనూ ఇమిడే మాట కాదది. వంట దించగానే శివ వచ్చి గిన్నెలో చెయ్యి పెట్టి ఒక ముద్ద తినేస్తాడు. "అందరికీ పెట్టేది ఎంగిలి చేస్తడు. ఆకలేమో అని ముందుగాల వానికే పెట్టిన. పెడితే తినడు. ఒక్క ముద్ద తింటడు, ఆగుతడు, మమ్ముల చూస్తడు."

రెండో ప్రయత్నం

మామ ఇంట్లో కుదరదని తేలాక రెండు దారులున్నాయి: తిరిగి హోం, లేదా బంధుత్వం లేని ఫోస్టర్ కుటుంబం. నేను రెండోదానికే మొగ్గాను. హోంలో ఉన్నప్పుడు శివ పారిపోలేదు కాబట్టి హోమే నయమని కొందరన్నారు. హోంకు గేటుంది, కాపలా ఉంది. పిల్లవాడు కదలకపోవడం వేరు, కుదురుకోవడం వేరు. జిల్లా కేంద్రంలో ఒక దంపతులకు ఇంటి అధ్యయనం పూర్తయి, ఆమోద కమిటీ అనుమతి కూడా వచ్చి ఉంది. ఇద్దరూ ఉద్యోగస్తులు, కూతురు హాస్టల్లో చదువుతోంది. ఓపికున్నవాళ్ళు. తల్లి ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళు, తాత్కాలికంగా, అని ఉత్తర్వు వచ్చింది.

అది మంచి ఇల్లు. అందుకే అక్కడ కూడా కుదరకపోవడం నాకు ఎక్కువ పనికొచ్చింది. చెడ్డ ఇంటి నుంచి పిల్లవాడు వెళ్ళిపోతే కారణం వెతకక్కర్లేదు, మనం కూడా వెతకడం మానేస్తాం. ఇక్కడ శివకు సైకిల్ కొనిచ్చారు, ట్యూషన్ పెట్టారు, లెక్కల్లో ముందుకొచ్చాడు. ఒక ఆదివారం ఆ సైకిల్ బస్టాండులో తాళం వేసి ఉండగా దొరికింది, శివ బస్సు కోసం నిలబడి ఉన్నాడు.

ఫోస్టర్ తల్లి కంగారుపడుతూ ఫోన్ చేసి, మాటల మధ్యలో ఇలా అంది: "ఏం తక్కువ చేశామో తెలియట్లేదండీ. ఒక్క ఎంగిలి చేసే అలవాటు తప్పితే వాడితో ఏ ఇబ్బందీ లేదు. గిన్నె మూత తీయగానే వాడు ఒక ముద్ద తినాలి. వద్దంటే ముఖం తెల్లబోతుంది."

ఒకరినొకరు చూడని ఇద్దరు ఆడవాళ్ళు ఒకే మాట చెప్పారు. పాత నోట్‌బుక్ తీసి అత్త చెప్పిన పేజీ చదివాను.

మూడు కాగితాలు పక్కపక్కన

ఆ సాయంత్రం మూడు సంఘటనల కాగితాలు బల్ల మీద పరిచాను. మా నమూనాలో 'వెళ్ళిపోవడానికి కారణం' అనే గడి ఉంటుంది. ఎక్కడికి వెళ్తున్నాడనే గడి ఉండదు. మామ ఊరు ఒక వైపు, జిల్లా కేంద్రం ఇంకో వైపు. రెండు ఇళ్ళ నుంచి బయల్దేరిన పిల్లవాడు మూడుసార్లూ దొరికింది ఒకే బస్టాండులో, పండు ఉన్న పట్టణానికి పల్లె వెలుగు బస్సు మారే చోట. ఇల్లు నచ్చక పోయేవాడు అయితే ఏదో ఒక బస్సు ఎక్కేవాడు. సైకిల్‌కు తాళం వేశాడంటే తిరిగొచ్చి తీసుకోవాలనే వేశాడు.

శివను కలిసినప్పుడు ఎందుకు వెళ్ళావని అడగలేదు. "బస్సు దొరికుంటే ఎక్కడ దిగేవాడివి?" అన్నాను. "శిశుగృహ కాడ" అన్నాడు, తడుముకోకుండా. ఇన్నాళ్ళూ ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరన్నట్టే ఉంది. తర్వాత మిగతాది తనే చెప్పాడు. అమ్మ మందు కలిపారన్నప్పుడల్లా పండు కూడా భయపడి నోరు తెరిచేది కాదు. వీడు ముందు ఒక ముద్ద తిని, కాసేపు ఆగి, "చూడు, నాకేం కాలే" అని చూపిస్తే చెల్లి తినేది. ఒక్కోసారి అమ్మ కూడా తినేది.

"ఆడ పండుకు ఎవలు తిని చూపెడ్తరు మేడం?"

శిశుగృహకు ఫోన్ చేసి పండు తిండి గురించి అడిగాను. మొదటి వారాల్లో బరువు తగ్గింది, చార్టులో ఉంది. రాత్రి షిఫ్టు ఆయమ్మ ఒకామె తన కంచంలోంచి తిని, అదే ముద్ద పెడితే తింటోందని గమనించి, నిబంధన కాకపోయినా అలాగే పెడుతూ వచ్చింది. తర్వాత బరువు పెరిగింది. ఆ ఆయమ్మ మాట ఏ ఫైలులోనూ లేదు. పిల్లల గురించి అసలైన సమాచారం చాలాసార్లు ఇలా వంటగదిలో, రాత్రి షిఫ్టులోనే ఉండిపోతుంది.

రాఖీ పండుగకు పిల్లలిద్దరినీ ఒకసారి కలిపారు. రాఖీ కట్టించారు, స్వీటు తినిపించారు, ఫొటో తీశారు. అరగంటలో అయిపోయింది. ప్రణాళికలో 'తోబుట్టువుల సంబంధం: కొనసాగుతోంది' అని నమోదైంది. ఆ తర్వాత వాళ్ళు ఒకరినొకరు చూసుకోలేదు.

ఇదే సమయంలో ఇంకో ప్రశ్న మెల్లగా పైకొచ్చింది. తండ్రి జాడ లేదు, తల్లి ఆసుపత్రిలో ఉంది, పాప చిన్నది. 38వ సెక్షన్ కింద చట్టపరంగా దత్తతకు అర్హురాలిగా ప్రకటించే విషయం ఆలోచించాలని ఒక సమావేశంలో ప్రస్తావన వచ్చింది. దత్తతకు నేను వ్యతిరేకిని కాదు. ఎవరూ లేని పిల్లకు అంతకంటే మంచి దారి లేదు. ఈ పాపకు మాత్రం మందులకు లొంగుతున్న జబ్బు ఉన్న తల్లి ఉంది, అన్న ఉన్నాడు, నెలకోసారి గేటు దాకా వచ్చి పోతున్న పెద్దమ్మ ఉంది. డాక్టరు చికిత్స నివేదికను, పెద్దమ్మ వచ్చిన తేదీలున్న సందర్శకుల రిజిస్టరును జతచేసి సీడబ్ల్యూసీకి నోట్ పెట్టాను. ఆ ఆలోచన అక్కడితో ఆగింది. నాకు అక్కరకొచ్చింది ఆ రిజిస్టరే. బంధువులు వచ్చిపోయినప్పుడు తేదీ వేసి సంతకం పెట్టించమని హోంల సిబ్బందితో అందుకే గొడవపడుతుంటాను.

మార్చిన ప్రణాళిక

శివ ఫోస్టర్ దంపతుల ఇంట్లోనే ఉంటూ వారానికోసారి శిశుగృహకు వెళ్ళి పండును చూసేలా ఉత్తర్వు తెచ్చాం. మధ్యాహ్నం అన్నం వేళకే పెట్టించాను. ఆడుకునే గదిలో కలిస్తే మాకు కావాల్సింది కనిపించదు.

మొదటి కలయిక బాగా జరగలేదు. పండు అన్నను చూసి ఆయమ్మ కొంగు వెనక దాక్కుంది. ఆయమ్మను అమ్మా అని పిలిచింది. శివ జేబులో దువ్వెన, చిన్న ప్యారాచూట్ సీసా తెచ్చుకున్నాడు, జడ వేద్దామని. జుట్టు కత్తిరించి ఉంది. వెనక్కి వచ్చాక ఆ రాత్రి పక్క తడిపాడు. రెండోసారి కలిసి వచ్చాక పండు సాయంత్రమంతా ఏడ్చింది. కలిపినప్పుడల్లా పిల్లలు చెదిరిపోతున్నారు, ఆపేద్దామని సిబ్బంది నుంచి మాట వచ్చింది. ఈ మాట ప్రతి కేసులోనూ వస్తుంది. చూసిపోయిన రోజు ఏడ్చారా అనేది నేను కొలతగా తీసుకోను. మర్నాడు తిన్నారా, నిద్రపోయారా, మళ్ళీ ఎప్పుడొస్తాడని అడిగారా అనేది చూస్తాను. పండు మర్నాడు అడిగింది. శివ క్యాలెండర్ మీద తేదీ చుట్టూ గీత గీసుకున్నాడు. గీత గీసుకున్నాక బస్టాండుకు వెళ్ళలేదు.

కలయికలు కుదురుకున్నాక అసలు పని మొదలైంది. చెల్లికి తినిపించే బాధ్యత పదకొండేళ్ళవాడి భుజం మీది నుంచి దించాలి. ఒక్కసారిగా 'ఇక నీకెందుకు, మేం చూసుకుంటాం' అంటే వాడు నమ్మడు. ఆ ఇంట్లో పెద్దవాళ్ళు చూసుకోనప్పుడే కదా వాడు చూసుకుంది. అందుకని ముందు శివ తిని చూపించాడు, పండు తింది. తర్వాత శివ, ఆయమ్మ ఇద్దరూ తిన్నారు. ఆ తర్వాత ఆయమ్మ తింది, శివ ఊరికే పక్కన కూర్చున్నాడు. పండు ఒకసారి అన్న వైపు చూసి నోరు తెరిచింది. ఇది రాసినంత వరసగా జరగలేదు, మధ్యలో వెనక్కి పోయిన వారాలున్నాయి.

ఇద్దరినీ కలిపి ఎక్కడ ఉంచాలి? ఫోస్టర్ దంపతులు సిద్ధంగానే ఉన్నారు. కానీ తల్లి కోలుకుంటోంది, ఆమె తిరిగొచ్చేది ఆ ఊరికే. మళ్ళీ అత్త దగ్గరికి వెళ్ళాను. ఈసారి పిల్లను ఉంచుకుంటావా అని అడగలేదు. రోజులో ఏ గంట నుంచి ఏ గంట వరకు పిల్లను చూడటం కుదరదని అడిగాను. పొద్దున తొమ్మిది నుంచి, బీడీలు కంపెనీలో లెక్క అప్పజెప్పి వచ్చేదాకా. అందులో చాలా భాగం అంగన్‌వాడీలో గడిచిపోతుంది, కేంద్రం వాళ్ళ వీధిలోనే ఉంది. మిగిలిన సమయానికి పక్కింటి ముసలమ్మను అత్తే ఒప్పించింది. చాట, తంబాకు పెట్టుకోవడానికి వెనక వసారాకు మామ చిన్న తలుపు బిగించాడు. నెలకో ఆదివారం పిల్లలిద్దరూ పెద్దమ్మ ఇంట్లో ఉంటారు, అది అత్తకు సెలవు. స్పాన్సర్‌షిప్ ఖాతాలో సంరక్షకురాలిగా అత్త పేరు పెట్టించాం. మొదటి డబ్బు పడటానికి నెలలు పట్టవచ్చని ముందే చెప్పాను. నిజంగానే పట్టింది. ఆ మధ్యకాలానికి బియ్యం, పప్పు ఒక స్థానిక దాతతో ఇప్పించాం. డబ్బు వచ్చేస్తుందని నమ్మబలికి పిల్లలను ఇంట్లో దింపితే, ఆలస్యమైన ప్రతి నెలా ఆ కోపం పిల్లల మీదే పడుతుంది.

ఒక్క విషయంలో అత్త మొండికేసింది. పిల్లల ముందు మొదటి ముద్ద తను తినాలని నేను అడిగాను. ఆమె నవ్వింది, తర్వాత సిగ్గుపడింది, తర్వాత కుదరదంది. ఆ ఇంట్లో ఆడది చివర తింటుంది. మొగుడు పనికి పోయివచ్చి కూర్చుంటే, పిల్లలు కంచాల ముందుంటే, తను గిన్నెలోంచి తీసుకుని ముందుగా తినడమా? "మా అత్త బతికుంటే సంపుతుండె" అంది. ఎంగిలి అనేది మనకు చిన్న విషయం కాదు. దాన్ని మూఢనమ్మకమని కొట్టేసి వచ్చేస్తే ఆమె నా ముందు ఊఁ అని, నేను పోగానే మానేసేది. మామను పిలిచి కూర్చోబెట్టి, శివ ఆ అలవాటు ఎలా నేర్చుకున్నాడో ఉన్నదున్నట్టు చెప్పాను. వాడు ఎంగిలి చేస్తున్నాడని మామ ఒకసారి చెయ్యి మీద కొట్టాడట. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి దారి వాళ్ళే చూసుకున్నారు: వడ్డించే ముందు ఉప్పు సరిపోయిందో లేదో చూడటానికి అత్త అరచేతిలో కొంచెం వేసుకుని, పిల్లలకు కనిపించేలా నాలుకకు రాసుకుంటుంది. ఉప్పు చూడటం ఎంగిలి కిందికి రాదు. నేను రాసిన ప్రణాళికలో కంటే అది మెరుగ్గా పని చేసింది.

కలిపి ఉంచిన తర్వాత శివ ఆ ఇంటి నుంచి వెళ్ళలేదు. గిన్నెలో చెయ్యి పెట్టడం మొదట పండు కంచానికి మారింది, తర్వాత కొత్త వంట చేసిన రోజులకే పరిమితమైంది. పండుకు జడ వేసే పని మాత్రం వాడి నుంచి తీసేయలేదు. అది వాడు ఇష్టంగా చేసే పని, భయంతో చేసేది కాదు.

తల్లి

తల్లితో పిల్లలను ముందు ఫోన్‌లో మాట్లాడించాం, తర్వాత సీడబ్ల్యూసీ కార్యాలయంలో కలిపాం, ఆ తర్వాత మామ ఇంట్లో. కార్యాలయంలో కలిసినప్పుడు ఆమె టిఫిన్ డబ్బా తెచ్చింది. మూత తీయగానే శివ చెయ్యి కదిలింది. ఆమె అంతకంటే ముందే ఒక ముద్ద తీసుకుని తిని, డబ్బా వాడి వైపు జరిపింది. ఎవరూ చెప్పి చేయించింది కాదు. ఆమెకు జబ్బులో జరిగినవన్నీ గుర్తున్నాయని నాకు అప్పుడు అర్థమైంది. అలాంటి తల్లి ముందు జరిగినదాన్ని మళ్ళీ మళ్ళీ తవ్వకూడదు.

పిల్లలను తిరిగి ఎప్పుడు అప్పగించాలన్న దగ్గర మా జట్టులో వాదన నడిచింది. 'పూర్తిగా నయమైందని' డాక్టరు రాసివ్వాలని కొందరన్నారు. ఇలాంటి జబ్బుల్లో ఏ డాక్టరూ అలా రాయడు, రాయకూడదు కూడా. నేను అడిగిన ప్రశ్నలు వేరు: మందులు మానేస్తే ముందుగా గమనించేది ఎవరు? గమనించినవాళ్ళు ఎవరికి ఫోన్ చేస్తారు? ఆ రాత్రి పిల్లలు ఎక్కడ పడుకుంటారు? మొదటి ప్రశ్నకు అందరూ చెప్పిన జవాబు శివ. వాడు అప్పటికే అమ్మ మాత్రలు లెక్కపెడుతున్నాడు. వాడు లెక్కపెట్టినంతకాలం ఇల్లు కుదురుకున్నట్టు కాదన్నాను. ఆ పని పెద్దమ్మ తీసుకుంది. వారం వారం మాత్రల పట్టీ చూస్తుంది, ఆశా కార్యకర్త నెలకోసారి చూస్తుంది. మూడు ఫోన్ నంబర్లు, 1098 ఒక కాగితం మీద రాసి తల్లి చేతనే సంతకం పెట్టించాం. నాకు మళ్ళీ అలా అనిపిస్తే పిల్లలను మా తమ్ముడింట్లో ఉంచండి అని అందులో ఆమె మాటల్లోనే ఉంది.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

పిల్లలు వెళ్ళిపోయిన ప్రతిసారీ దొరికిన చోటు, బయల్దేరిన చోటు, ఆ దారిలో వచ్చే ఊళ్ళు రాస్తున్నాను. రెండు సంఘటనలకే ఒక దిక్కు కనిపిస్తే ప్రశ్న మారుతుంది. అన్ని కేసుల్లోనూ ఆ దిక్కున చెల్లి ఉండదు. ఒకసారి పాత బడి ఉంది, ఒకసారి పిల్లవాడిని వాడుకుంటున్న మనిషి ఉన్నాడు. అందుకే కొడుతున్నారా, తాకుతున్నారా అనే మొదటి మెట్టు ఎప్పటికీ ముందే ఉండాలి.

వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక, అంటే ఫారం 7, రాసేటప్పుడు తోబుట్టువుల దగ్గర 'కొనసాగుతోంది' అని రాయనివ్వను. ఏ రోజు, ఏ వేళ, ఎవరు తీసుకెళ్తారు, బస్సు ఖర్చు ఎవరిది అని రాయాలి. నాకు తెలిసినంతలో ఈ కలయికలు ఎక్కువగా ఆగిపోయేది బస్సు ఖర్చు దగ్గరే. వంట చేసేవాళ్ళతో, ఆయమ్మలతో మాట్లాడకుండా ఏ పిల్లవాడి నివేదికా ముగించను.

బంధువులు 'చూడలేం' అన్నప్పుడు దాన్ని తిరస్కారంగా నమోదు చేసి తర్వాతి పేరుకు పోవడం మన దగ్గర బాగా అలవాటు. అత్త మొదటి రోజు చెప్పిన లెక్కలోనే అంగన్‌వాడీ వేళ ఉంది, పక్కింటి ముసలమ్మ ఉంది, వెనక వసారాకు తలుపు ఉంది.

ఇప్పుడు

పిల్లలు మేనమామ ఇంట్లోనే ఉన్నారు. తల్లి అదే వీధిలో గది అద్దెకు తీసుకుంది, మళ్ళీ బీడీలు చుడుతోంది. రాత్రి అన్నం పిల్లలు ఆమె దగ్గర తింటారు, పడక మామ ఇంట్లో. ఇది అప్పగింతా, ఫోస్టర్ కేరా అని మా నెలవారీ నివేదికలో ఏ గడిలో వేయాలో తేలక పైఅధికారి నన్ను అడుగుతుంటారు. ఏదో ఒక గడిలో వేయడానికి తొందరపడదలచుకోలేదు. తల్లి మందులు మార్చారు, ఆ మార్పు కుదురుకుందో లేదో డాక్టరు చూసిన తర్వాతే అప్పగింత ఉత్తర్వు అడుగుతాం. నాయనమ్మ ఈమధ్య శివను చూడటానికి వస్తోంది. పండుకు కూడా ఏదైనా తెస్తేనే రమ్మని అత్త చెప్పిందట, తెస్తోంది. తండ్రి గురించి పెట్టిన అర్జీకి ఇంకా జవాబు రాలేదు. పండుకు ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పు పడింది, బడిలో చేర్చేలోపు అది సరిచేయించాలి. వచ్చే వారం మీ సేవకు తీసుకెళ్తానని అత్తకు చెప్పాను.